గడప దాకా వచ్చిన చాప

పొద్దు గూకగానే మణెమ్మ వాకిట్లో దండెం మీద రెండు దుప్పట్లు వేస్తుంది. వీధి లైటు వెలుతురు ఇంట్లో పడకూడదు. రాచర్ల దగ్గరి ఆ పల్లెలో ఇప్పుడు దానికెవరూ నవ్వరు.

ఆమె కొడుకు యాకోబుకు ఆరేళ్లు. ఆటిజం ఉంది. మాటలు రావు, ఎవరైనా తాకితే ఓర్చుకోలేడు. తల్లి ఒడిలో తప్ప నిద్రపోయేవాడు కాదు. తెల్లారి కూలికి పోయిన మణెమ్మ మిరప చేలోనే కునికేది.

రాష్ట్రం విడిపోయిన మరుసటేడు, ఇలాంటి పిల్లల కోసం మండలానికి వచ్చిన శ్రీశైలమ్మ టీచరు ఒక పద్ధతి చెప్పింది. రోజూ ఒకే వరస: కాళ్లు కడగడం, గంజి తాగించడం, లైటు ఆర్పడం, ఒకే పాట. మణెమ్మ వాడి పక్కనే చాప వేసుకోవాలి. వాడు అలవాటు పడేకొద్దీ దాన్ని గడప వైపు జరుపుకోవాలి. లేచి వస్తే మాట్లాడకుండా మళ్లీ పడుకోబెట్టాలి.

చర్చిలో పాడే నెమ్మదైన పాటొకటి మణెమ్మ ఎంచుకుంది.

"చాప ఏడిదాకా వచ్చె మేయ్? మా ఇంట్లో పరుస్తావా ఏంది?" అనేది పక్కింటి పుల్లమ్మ.

చలికాలానికి చాప గడప చేరింది. యాకోబు ఒంటరిగా నిద్రపోతున్నాడు. అప్పుడు భర్త ఇస్సాకు మొక్కు సంగతి బయటపెట్టాడు.

"పిల్లోడు పండుకుంటే ఇంట్లో కృతజ్ఞత కూటం పెట్టిస్తానని మొక్కుకున్నా."

"చర్చిలో పెట్టియ్యి."

"ఇంట్లో అని దేవునికి చెప్పినా."

"అట్లయితే పగలు పెట్టు."

"పగలెవురొస్తారు? అంతా కూలికి పోతారు గదా."

మణెమ్మ తల ఊపింది. టీచరుకు ఫోన్ చేయాలనుకుని మానుకుంది. సంతోషం చెడగొట్టిందని అనిపించుకోవడం ఇష్టం లేకపోయింది.

కూటం సరిగ్గా వాడు పడుకునే వేళకే మొదలైంది. మైకు, డోలక్, ఇంటినిండా జనం. దేవుడు చేసిన మేలును అందరి ముందు సాక్ష్యంగా చెప్పిన ఇస్సాకు, కొడుకును నిద్రపుచ్చిన పాటే అందరినీ పాడమన్నాడు. పాడుతూ ఒక్కొక్కరే వచ్చి దీవెనగా వాడి తల మీద చెయ్యి పెట్టారు. యాకోబు తల గోడకేసి కొట్టుకున్నాడు. ఇస్సాకు మైకు తీగ పీకేశాడు.

మర్నాడు మణెమ్మ పాట ఎత్తుకోగానే వాడు చేత్తో ఆమె నోరు మూశాడు. ఆ తర్వాత రోజూ అంతే. మళ్లీ ఒడే కావాల్సి వచ్చింది.

"నాదే తప్పు," అన్నాడు ఇస్సాకు.

"నేను తలకాయ ఊపినా గదా," అంది మణెమ్మ.

టీచరు ఎవరినీ తప్పుపట్టలేదు. "ఆ పాట మానెయ్యమ్మా. ఇంకోటి అలవాటు చేద్దాం. చాప మళ్లీ పక్కకే తెచ్చుకో," అంది.

ఇప్పుడు మణెమ్మ పాటకు బదులు చీకట్లో కూర్చుని చేటలో కందులు మెల్లగా ఆడిస్తుంది. ఆ చప్పుడు వాడు వింటున్నాడు. ఆదివారం చర్చిలో ఆ పాట మొదలైతే మాత్రం వాణ్ని తీసుకుని బయటికి వచ్చేస్తుంది.

చాప ఇప్పటికి జానెడు జరిగింది.