ఆరు కన్నాల స్టాండు బుట్టలో పెట్టుకుని గుడ్లవల్లేరు నుంచి అవనిగడ్డ దాకా

ఇంట్లో పాతకాలం వెండిసామాను ఏదో ఉండి, దాని మూతో గిన్నో పోయి సగమే మిగిలి, అసలది ఏమిటో తెలుసుకోవడానికి బందరు వైపు వెళ్ళాలనుకునేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నేను అలా తిరిగింది అరవైల మొదట్లో, ఒకే ఒక్క శనివారం. సరదాకి మాత్రం వెళ్ళలేదు. సాయంత్రం అయిదింటికల్లా ఆ వస్తువేమిటో తేల్చుకురాకపోతే మా నాన్న మీద దొంగ అన్న ముద్ర పడిపోతుంది. అందుకని వెళ్ళాను.

మాది గుడ్లవల్లేరుకి రెండు మైళ్ళలో ఉన్న పల్లెటూరు. నాన్న పేరు జాకబు. మా చర్చికి గంట కొట్టడం, ఊడ్చడం, తాళం వెయ్యడం అన్నీ నాన్న పనే. చర్చిలో బల్ల మీద ఒక స్టాండు ఉండేది. గుండ్రటి అడుగు, బుల్లి కాళ్ళు, మధ్యలో నిలువు కాడ, పట్టుకోవడానికి పైన ఒక ఉంగరం, కాడ చుట్టూ ఆరు గుండ్రటి కన్నాలు. అక్కడి బంగళాలో ఉండే తెల్లదొరగారు వాళ్ళ దేశానికి వెళ్ళిపోయినప్పటి నుంచీ అది అక్కడే ఉంది. మేము ఆ కన్నాల్లో చిన్న గాజు గ్లాసులు దించి బంతిపూలు పెట్టేవాళ్ళం. నాన్న ప్రతి వారం చింతపండూ బూడిదా వేసి తళతళా తోమేవాడు. ఆ ఏడు కొత్తగా వచ్చిన పాస్టరు గారు దాన్ని చూసి, "ఇది ద్రాక్షారసం గిన్నెల స్టాండు కదండీ, పట్నం చర్చిలో ఇలాంటిదే చూశాను. ఆరు వెండి గిన్నెలు ఉండాలే, అవేవీ?" అన్నారు. ఆయన మామూలుగానే అడిగారు. విన్నవాళ్ళు మామూలుగా వినలేదు.

తాళంచెవులు ఇరవయ్యేళ్ళుగా నాన్న దగ్గరే ఉన్నాయి. వారం తిరక్కుండానే, జాకబు ఆరు వెండి గిన్నెలూ అమ్మేసి కూతురికి టీచరు ట్రైనింగు చెప్పించాడని మాట పుట్టింది. ఆ కూతుర్ని నేనే. సంఘపెద్ద ఇజ్రాయేలు గారు, శనివారం అయిదింటికి అందరం కూర్చుందామనీ, సంగతి తేలేదాకా జాకబు బల్లకి రాకూడదనీ చెప్పారు. బల్ల అంటే ఆదివారం రొట్టే ద్రాక్షారసమూ పంచుకునే ప్రభువు బల్ల. అక్కణ్ణించి ఆపేశారంటే మావాళ్ళలో ఆ మనిషికి ఊళ్ళో తలెత్తుకునే దారి ఉండదు. నాన్న మాత్రం "నేను తియ్యలేదు" అని ఒక్కసారి అని ఊరుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంకా గట్టిగా చెప్పొచ్చు కదా, నలుగురిలో నిలబడి అడగొచ్చు కదా అని రెండు రోజులు నాన్నతో మాట్లాడలేదు.

శనివారం తెల్లవారుతూనే నాన్న దొడ్లో నీళ్ళు తోడుతుంటే తాళంచెవి తీసుకుని చర్చిలోకి దూరాను. స్టాండుని పాత చీరముక్కలో చుట్టి బుట్టలో పెట్టి, పైన వంకాయలు పరిచాను. ఎవరికీ చెప్పలేదు. అయిదింటిలోపు అది బల్ల మీదకి తిరిగి చేరకపోతే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. అయినా ఇంకో దారి కనబడలేదు.

గుడ్లవల్లేరులో ఆరున్నరకి పాసింజరు బండి ఎక్కాను. టిక్కెట్టు పావలా లోపే. గంటకి పైగా పడుతుంది. బందరు దాకా పోకుండా ఒక స్టేషను ముందే చిలకలపూడిలో దిగడం మేలు, గిల్టు నగలు చేసేవాళ్ళంతా అక్కడే ఉంటారు కాబట్టి. లోహం మీద పూత ఏమిటో చెప్పాలంటే వాళ్ళని మించినవాళ్ళు లేరు. స్టేషను దగ్గరే ఒక ముసలి ఆచారి గారి కొట్టు తెరిచి ఉంది. బుట్టలోంచి వంకాయలు పక్కన పెడుతుంటే ఆయన వింతగా చూశారు.

"అమ్మకానికా అమ్మా?"

"కాదండీ. వెండో కాదో చెప్పండి చాలు."

ఆయన స్టాండుని తలకిందులు చేసి, కళ్ళజోడు ముక్కు మీదకి జార్చి, కాళ్ళు అరిగినచోట గోటితో గీరారు. "పైన వెండి పూత, లోపల జర్మన్ సిల్వరు. పేరుకే సిల్వరు, దాంట్లో వెండి రవ్వంత కూడా ఉండదు. ఇదిగో, ఈ నాలుగు ఇంగ్లీషు అక్షరాలు చూడండి. పూత సామానని ఇంగ్లండు సీమలో కొట్టే ముద్రే ఇది. పక్కన అంకె కూడా ఉంది. అవునుగానీ, దీన్ని దేంతో తోముతున్నారండీ?"

"చింతపండు, బూడిద. వారం వారం."

"ఇంకేం, వెండంతా మీరే తోమి కాలవలో కలిపేశారు!" అని నవ్వారాయన.

నాకు నవ్వు రాలేదు. వెండి కాదని తేలడంతో ఒక ముల్లు పోయింది, కానీ గిన్నెలు గిన్నెలే. పూతవైనా పోయినవి పోయినట్టే. ఆచారి గారు మళ్ళీ దాన్ని తిప్పి, ఒక్కో కన్నం పక్కనా ఉన్న సన్నటి గాడి చూపించారు. "ఇక్కడేదో వేళ్ళాడదీసేవాళ్ళు. చెంచా అయ్యుంటది." ద్రాక్షారసం తాగడానికి చెంచా ఎందుకు? నేను అదే అడిగాను. "నాకేం తెలుసమ్మా? దీంట్లో తిన్నవాళ్ళనో, తినేవాళ్ళకి పెట్టినవాళ్ళనో అడగండి" అన్నారు. అర్ధరూపాయి ఇవ్వబోతే పుచ్చుకోలేదు, నాలుగు వంకాయలు తీసుకున్నారు.

పెట్టినవాళ్ళంటే నాకు ఒక్కరే తెలుసు. దొరగారి బంగళాలో బట్లరుగా చేసిన సామేలు తాత. అవనిగడ్డ దగ్గర కూతురి ఇంట్లో ఉంటున్నాడని విన్నాను. ఉన్నాడో పోయాడో తెలియదు. జట్కా కట్టించుకుని బందరు బస్టాండుకి వచ్చి, తొమ్మిదిన్నరకి చల్లపల్లి మీదుగా అవనిగడ్డ వెళ్ళే బస్సెక్కాను. రూపాయి ఇస్తే చిల్లర తిరిగొచ్చింది. కండక్టరు బుట్ట టాపు మీద పడెయ్యమన్నాడు. నేను వదల్లేదు.

"వంకాయలకి అంత కాపలా ఏంటండీ?" అన్నాడు.

"లేత వంకాయలండీ, దెబ్బ తగిలితే నల్లబడతాయి" అని నోటికొచ్చిన అబద్ధం చెప్పాను. బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

ఆ బస్సులోనే నాకు నాన్న మీద అనుమానం వచ్చింది. ఇది రాయడానికి ఇప్పటికీ చెయ్యి ఆడదు. నేను ట్రైనింగులో చేరిన ఏడు పంట పోయింది, అమ్మ జబ్బుపడింది. అయినా నా ఫీజు ఎలాగో కట్టారు. ఎలా అని నేనెప్పుడూ అడగలేదు. నాన్న తీశాడేమో, నా కోసమే తీశాడేమో, అందుకే గట్టిగా మాట్లాడడేమో అని చల్లపల్లి వచ్చేదాకా అదే ఆలోచన. కృష్ణ మీద కాలవని దాటించే పులిగడ్డ అక్విడక్టు వంతెన మీద బస్సు మెల్లగా వెళ్తుంటే, దిగి వెనక్కి వెళ్ళిపోదామా అని కూడా అనిపించింది. నిజం తెలియకపోతేనే నయమనిపించింది.

అవనిగడ్డలో దిగి, దారి అడుగుతూ కాలవగట్టు మీద రెండు మైళ్ళు నడిచేసరికి పన్నెండు దాటింది. సామేలు తాత బతికే ఉన్నాడు. అరుగు మీద మోకాళ్ళకి నూనె రాసుకుంటున్నాడు. ఫలానా జాకబు కూతుర్నని చెప్పి, చీరముక్క విప్పాను.

"ఓసినీ! గుడ్ల స్టాండు!" అన్నాడు తాత.

"ఏం గుడ్లు తాతా?"

"కోడిగుడ్లమ్మా! పొద్దున్నే దొరగారి టేబులు మీద నేనే పెట్టేవాణ్ణి. ఉడికిన గుడ్డు చిన్న గిన్నెలో నిలబెట్టి, నెత్తి మీద టప్పున కొట్టి, చెంచాతో తవ్వుకుని తినేవోళ్ళు. ఆరు గిన్నెలు, ఆరు చెంచాలు."

ఇరవయ్యేళ్ళుగా ప్రభువు బల్ల మీద మేము బంతిపూలు పెట్టి గౌరవిస్తున్నది దొరగారి కోడిగుడ్ల స్టాండు! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గిన్నెలేమయ్యాయని అడిగాను.

తాత లోపలికి కేకేశాడు. ఆయన కూతురు గూట్లోంచి ఒక బుల్లి గిన్నె తెచ్చింది. పసిపిల్లలకి ఆముదం పట్టడానికి వాడతారట, ఇంకా జిడ్డుగానే ఉంది. అడుగున అవే నాలుగు అక్షరాలు, అదే అంకె. కన్నంలో పెడితే కుదురుగా కూర్చుంది. "వెళ్ళేటప్పుడు దొరసానమ్మ సామానంతా పనోళ్ళకి పంచింది. ఆరు గిన్నెలూ ఆరుగురికి. నాకోటి, ఆయాకోటి, చాకలికోటి... మీ నాన్నకేమో స్టాండు."

"నాన్నకి కాదు తాతా, చర్చికి."

"చర్చికి గుడ్ల స్టాండెందుకిత్తారే పిచ్చిదానా? మీ నాన్నకే ఇచ్చారు. నేను పక్కనే ఉన్నా."

వాళ్ళు పెట్టిన అన్నం ఏం తిన్నానో గుర్తులేదు. తరవాత బుర్ర పనిచేసింది. ఈ గిన్నె నేను తీసుకెళ్తే, అదిగో ఒకటి బయటికొచ్చింది, మిగతా అయిదూ ఎక్కడ దాచావు అంటారు. ఆ మాటే తాతతో అన్నాను. ఆయన కర్ర కోసం చెయ్యి చాచాడు. "అయితే నేనే వత్తా పద." కూతురు గొడవ చేసింది, ఆ మోకాళ్ళతో ఎక్కడికని. తాత అప్పటికే తలపాగా చుట్టుకుంటున్నాడు.

పక్కింటివాళ్ళ ఎడ్లబండి కట్టించుకుని అవనిగడ్డ వస్తే ఒకటిన్నర బస్సు దొరికింది. కానీ అది కోతల కాలం. అక్విడక్టు మీద గడ్డిబళ్ళు వరసకట్టి, ముప్పావుగంట కదల్లేదు. డ్రైవరు దిగి బీడీ వెలిగించుకుంటుంటే ఆయన మీద ఎగిరాను. "ఎద్దుల్ని నేనేమన్నా ఎత్తి అవతల పెట్టగలనా చెల్లెమ్మా?" అన్నాడాయన. చల్లపల్లిలో పామర్రు బస్సు అప్పుడే వెళ్ళిపోయింది, ఇంకోదాని కోసం కాళ్ళు కాలిన పిల్లిలా తిరిగాను. పామర్రులో మారి గుడివాడ చేరేసరికి నాలుగున్నర. అక్కణ్ణించి గుడ్లవల్లేరు బస్సు, తరవాత జట్కా. మొత్తం దారి బస్సులు వెంటవెంట దొరికితే మూడు గంటలు, దొరక్కపోతే నాలుగున్నర లెక్కేసుకోండి. మేము చర్చి మెట్లు ఎక్కేసరికి ఆరు కావస్తోంది.

లోపల అందరూ ఉన్నారు. బల్ల ఖాళీగా ఉంది. నాన్న గోడవారన నిలబడి ఉన్నాడు. నన్ను చూసి ఇజ్రాయేలు గారు అన్నారు: "ఇప్పుడొచ్చావా అమ్మా? ఇవాళ స్టాండు కూడా మాయమైంది. మీ నాన్న ఒప్పుకున్నాడు, తనే తీశానని."

నాన్న నా వైపు చూడలేదు. తాళంచెవి కొక్కేనికి లేకపోవడం పొద్దున్నే చూసుంటాడు. ఇంట్లో ఇంకెవరు తీస్తారు? నా మీదకి రాకూడదని తన మీద వేసుకున్నాడు.

"తీసింది నేనండీ!" అని అరిచాను. బుట్ట బల్ల దగ్గర దింపి స్టాండు బయటికి తీశాను. సామేలు తాత ముందుకొచ్చి, తన గిన్నెని కన్నంలో పెట్టి, అందరికీ అడుగున ముద్రలు చూపించి, కోడిగుడ్ల సంగతి మొదలుపెట్టాడు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. పాస్టరు గారి ముఖం ఎర్రబడింది. గిన్నెలు ఎవరెవరికి ఇచ్చారో తాత పేరుపేరునా చెప్పాడు. చాకలి వెంకయ్య మనవడు మాలోనే కూర్చుని ఉన్నాడు. లేచి, "మా ఇంట్లో కూడా ఉందండీ అట్టాంటిది, సున్నం పెడతాం" అన్నాడు. చివర్న తాత, "స్టాండు జాకబుది. దొరసానమ్మ ఆయన చేతికే ఇచ్చింది" అన్నాడు.

ఇజ్రాయేలు గారు మెల్లగా అడిగారు, "మరి నీదేనని ఒక్క మాట చెప్పొచ్చుగదయ్యా జాకబూ?"

నాన్న గొంతు సరిగ్గా వినపడలేదు. "మా ఇంట్లో ఉండేంత చిన్న వస్తువు కాదనిపించి అప్పుడే దేవుడికి ఇచ్చేశానండీ. ఇచ్చేశాక నాదని ఎట్టా అంటాను?"

ఆ మర్నాడు నాన్న బల్లకి వెళ్ళాడు. ముందు వరసలో ఇజ్రాయేలు గారే జరిగి చోటిచ్చారు. నేను మాత్రం బల్లకి లేవలేకపోయాను. బస్సులో నాన్న గురించి నేను అనుకున్నదంతా గుర్తొచ్చి, తల దించుకుని కూర్చుండిపోయాను. అది నాన్నకి ఎప్పుడూ చెప్పలేదు. పోయేదాకా చెప్పలేదు. ఒక వస్తువు ఏమిటో కనుక్కోవడానికి ఇంత దూరం తిరిగినదాన్ని, నా ఇంట్లో మనిషి ఎలాంటివాడో ఆ రోజుదాకా కనుక్కోలేదు.

వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. వస్తువుని మోసుకుంటూ తిరక్కండి. కన్నాల మీద కాగితం పరిచి పెన్సిలుతో వాటి కొలత గీసుకుని, అడుగున ఉన్న ముద్ర ఉన్నదున్నట్టు రాసుకుని, ఆ కాగితం పట్టుకెళ్ళండి. ఎక్కడైనా గిన్నె దొరికితే కాగితం మీద పెట్టి చూసుకోవచ్చు. నాకు ఆ రోజు ఆ బుద్ధి పుట్టలేదు.