నాన్నగారి రేడియోకి ముల్లు

నాకు చిన్నప్పటి నుంచీ ఒక చాదస్తం ఉంది. ఎవరైనా ఏదైనా బాగుందంటే ఎంత బాగుందో అంకె చెప్పమంటాను. కూరలో ఉప్పు తగ్గిందంటే ఎన్ని చిటికెలు తగ్గిందని అడిగి మా ఆవిడ చేత చీవాట్లు తిన్న రోజులున్నాయి. కాకినాడ కాలేజీలో ఫిజిక్సు ల్యాబ్‌లో ఉద్యోగం దొరికాక ఈ చాదస్తానికి జీతం కూడా రావడం మొదలైంది. ఇక మానుకోవలసిన అవసరం నాకు కనిపించలేదు. ఆ చాదస్తంతో నేను చేసిన ఒక పని గురించి చెబుతాను. అది ఎనభైల మొదట్లో సంగతి, అప్పుడు నాకు ముప్పై రెండేళ్లు.

మా ఇల్లు సామర్లకోటలో. ముందు కొట్టు, వెనక ఇల్లు. బియ్యం, పప్పులు, బెల్లం అమ్మేవాళ్లం. ఊళ్లో మా నాన్నగారిని అసలు పేరుతో పిలిచినవాళ్లని నేను చూడలేదు. అందరికీ ఆయన బర్మా షావుకారు గారే. పన్నెండో ఏట మేనమామ వెంట కాకినాడలో ఓడెక్కి రంగూన్ వెళ్లి, అక్కడ ఆయన కొట్లో పదేళ్లు పనిచేశారు. యుద్ధంలో బాంబులు పడ్డప్పుడు అందరితో పాటు అడవులు పట్టి నడిచి వచ్చేశారు. ఆ నడక గురించి పెద్దగా చెప్పేవారు కాదు. రంగూన్ గురించి మాత్రం ఎవరూ అడగక్కర్లేదు, మొదలుపెడితే ఇంట్లో అన్నాలు చల్లారిపోయేవి.

ఆయన దగ్గర తోలు తొడుగున్న చిన్న రేడియో ఒకటి ఉండేది. రోజూ దీపాలు పెట్టే వేళకి దాని షార్ట్‌వేవ్ మీద రంగూన్ స్టేషన్ అందేది. కొట్టు అరుగు మీద రేడియో పెట్టి, ఏరియల్ పైకి లాగి, బర్మా భాషలో వార్తలు వినేవారు. ఆయనతో పాటు వినడానికి ఇద్దరు వచ్చేవారు. ఒకరు రిటైరైన హెడ్మాస్టారు, రెండో ఆయనది మా పక్కనే నూనె కొట్టు. వాళ్లిద్దరికీ బర్మా భాషలో ఒక్క ముక్క రాదు. నాన్నగారు వింటూ మధ్యలో ఆగి తెలుగులో చెబితే, ఆ చెప్పిన దాని మీద ఇద్దరూ చర్చ పెట్టుకునేవారు. ఐరావతికి వరదొచ్చిందంటే అక్కడి గట్లు మన గోదావరి గట్లంత ఎత్తుంటాయా అని ఒకరు, అక్కడ వరి ఎన్నాళ్లు నీళ్లలో ఉంటే కుళ్లుతుందని మరొకరు. నాన్నగారు అయిదో క్లాసు దాటలేదు. ఆ అరగంట సేపు మాత్రం హెడ్మాస్టారంతటి ఆయన చేతులు కట్టుకుని నాన్నగారి నోటి వంక చూస్తూ కూర్చునేవారు. ఆయనకి అది ఎంత అపురూపమైన అరగంటో నేనెప్పుడూ ఆలోచించలేదు.

ఉండి ఉండి ఒక ఏడాది నుంచి నాన్నగారు కొత్త మాట మొదలుపెట్టారు.

"ఇవాళ గాలి బాగోలేదండి మాస్టారూ. మాట విడిపోతోంది."

మొదట్లో వారానికోసారి అనేవారు. తర్వాత రెండు రోజులకోసారి అయింది. వానాకాలం వెళ్లాక రోజూ అదే మాట. కాలేజీ నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటూ నేనూ వినేవాణ్ణి. నా చెవికి స్టేషన్ శుభ్రంగా వస్తున్నట్టే ఉండేది. అర్థం తెలియకపోయినా, గరగర ఉందో లేదో తెలుస్తుంది కదా.

"బానే వస్తోంది కదా నాన్నగారూ?" అన్నానొకసారి.

"నీకేం తెల్సురా? భాష తెలిసినోడికి తెలుస్తుంది, మాట తెగుతోందో లేదో."

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఫిజిక్సు చదివినవాడికి రేడియో గురించి తెలియదనడమా? బాగుంది, బాగోలేదు అనే వాదన ఎన్నాళ్లు చేస్తాం, అంకెతో తేలుద్దామని పంతం పట్టాను. పెద్ద పెద్ద రేడియోలకి స్టేషన్ ఎంత బలంగా అందుతోందో చూపించే చిన్న మీటరు ఉంటుంది. అలాంటిది నాన్నగారి రేడియోకి పెట్టాలని నిశ్చయించుకున్నాను.

దానికి వెనకున్న సంగతి చాలా ముచ్చటైంది. స్టేషన్ బలంగా అందినప్పుడు రేడియో తనంతట తానే తగ్గించుకుంటుంది, నీరసంగా అందినప్పుడు తనే పెంచుకుంటుంది. అందుకే దూరపు స్టేషనైనా దగ్గరదైనా చెవికి దాదాపు ఒకే మోతగా వినిపిస్తుంది. చెవికి తెలియని ఆ తగ్గింపు లోపల ఒక వోల్టేజీగా ఉంటుంది. దాన్ని పట్టుకుని ఒక ట్రాన్సిస్టర్ ద్వారా మీటరుకి కడితే చాలు, ముల్లు నిజం చెబుతుంది. రాజమండ్రిలో రేడియోలు బాగుచేసే ఒకాయన దగ్గర పాడైపోయిన టేప్‌రికార్డర్‌లోంచి తీసిన బుల్లి మీటరు దొరికింది. ముల్లు ఎంత దూరం కదలాలో సర్దడానికి స్క్రూడ్రైవర్‌తో తిప్పే మర ఒకటి పెట్టాను. ఒక ఆదివారమంతా కూర్చుని, వేడిచేసిన బ్లేడుతో రేడియో ముందు భాగంలో కిటికీ కోశాను. ఒక మూల చిన్న పగులు వచ్చింది. మా అమ్మ చూసి, "ఉన్నదాన్ని ఉన్నట్టు ఉండనివ్వవు కదా" అంది. ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు ఇండియన్ ఇంకుతో రాసి అంటించాను. మీడియం వేవ్‌లో విజయవాడ పెట్టి, ముల్లు సరిగ్గా తొమ్మిది మీద నిలిచేలా మర తిప్పాను. నా పనితనం చూసి నాకే ముద్దొచ్చింది.

ఆ సాయంత్రం అరుగు మీద నేను కూడా కూర్చున్నాను. నాన్నగారు రంగూన్ పెట్టారు. ముల్లు లేచి, కాస్త ఊగి, ఏడు మీద నిలబడింది.

"ఏడండోయ్!" అన్నారు హెడ్మాస్టారు, ఎవరో పరీక్ష పాసైనంత సంబరంగా. "అంటే బ్రహ్మాండంగా వస్తోందన్న మాట. చెప్పండి షావుకారు గారూ, ఏమంటున్నాడు?"

నాన్నగారు రేడియో మీదికి వంగారు. వార్తలు చదివేవాడు గడగడా చదువుకుపోతున్నాడు. ఒక నిమిషం, రెండు నిమిషాలు గడిచాయి. నాన్నగారి చెయ్యి అలవాటుగా డయల్ మీదికి పోయింది.

"గాలి..." అన్నారు.

"మరి ముల్లు ఏడులో ఉందికదండీ ఆయ్" అన్నాడు నూనె కొట్టాయన. ఆయనకి ఎవర్నీ నొప్పించే ఉద్దేశం లేదు. కనబడింది చెప్పాడంతే.

నేను ఊరుకున్నానా? ఊరుకోలేదు. "నాన్నగారూ, సిగ్నల్ దివ్యంగా ఉందండి. ఇంతకన్నా బాగా రావడానికి లేదు" అన్నాను. వాదనలో గెలిచిన ఆనందం నా గొంతులో వినిపించే ఉంటుంది.

నాన్నగారు నా వంక చూసి మెల్లిగా, "అయితే నా చెవులేరా. పెద్దాణ్ణయిపోయాను" అన్నారు.

సరిగ్గా అప్పుడే లోపల మా అమ్మ మా ఆవిడతో గొంతు తగ్గించి, పెరుగు తోడెయ్యడం మర్చిపోయాననడం, నాన్నగారు అరుగు మీంచే "ఇప్పుడైనా వెయ్యండి" అనడం జరిగాయి. హెడ్మాస్టారు నవ్వబోయి ఆగిపోయారు. రేడియోకి ఏ లోపమూ లేదు, చెవులకీ ఏ లోపమూ లేదు. ఆయన భాష మర్చిపోతున్నారు.

అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఉప్పాడలో చేపలు పట్టే ఒక ముసలాయన, నాన్నగారిలాగే రంగూన్ నుంచి నడిచొచ్చినవాడు, నెలకోసారి బియ్యం కోసం మా కొట్టుకి వచ్చేవాడు. ఇద్దరూ బర్మా భాషలో మాట్లాడుకుని పగలబడి నవ్వుకునేవారు. ఆయన పోయి అప్పటికి రెండేళ్లయింది. ఆయన తర్వాత నాన్నగారితో ఆ భాషలో ఒక్క మాట మాట్లాడే మనిషి మా చుట్టుపక్కల మిగల్లేదు. గాలి బాగోలేదనడం అబద్ధం చెప్పడం కాదు. ఊరంతా తనని ఏ పేరుతో పిలుస్తోందో ఆ పేరు చేజారిపోతుంటే పట్టుకున్న ఆసరా అది. నేను ఒక ఆదివారమంతా కష్టపడి, అంకెలు వేసి మరీ దాన్ని లాగేశాను.

మర్నాటి నుంచి నాన్నగారు రేడియో తియ్యలేదు. బ్యాటరీలు అయిపోయాయన్నారు. నేను కొత్తవి తెస్తే, రేపు చూద్దామన్నారు. సాయంత్రం ఇద్దరూ వచ్చి అరుగు మీద కూర్చుంటే, ఆయన లోపల బియ్యం బస్తాల దగ్గర ఏదో పని కల్పించుకునేవారు. నాలుగు రోజులు వచ్చి నూనె కొట్టాయన మానేశాడు. హెడ్మాస్టారు ఒక్కరే వచ్చి కాసేపు రోడ్డు చూసి వెళ్లిపోయేవారు. అన్నం దగ్గర నాన్నగారు ఎవరి వంకా చూసేవారు కాదు.

వారం చూసి, ఒక పొద్దున్న ఆయన గుడికి వెళ్లినప్పుడు రేడియో వెనక మూత విప్పాను. స్క్రూడ్రైవర్‌తో మర వెనక్కి తిప్పాను. కాలేజీలో మీటరు అర గీత తేడా చూపిస్తే పిల్లల రికార్డులు వెనక్కి కొట్టే మనిషిని నేను. ఆ చేత్తోనే ఆ పని చేశాను. సాయంత్రం అందరూ వినేలా, "నాన్నగారూ, మొన్న నేనే తప్పు కట్టానండి. ఎక్కువ చూపిస్తోంది. ఇప్పుడు సరిచేశాను" అన్నాను.

రంగూన్ పెడితే ముల్లు మూడు మీద ఆగింది.

"మూడేనా!" అన్నారు హెడ్మాస్టారు. "అదన్న మాట సంగతి. మూడులో ఎవరికి మాత్రం ఏం వినబడుతుందండీ."

నాన్నగారు మళ్లీ తన చోట్లో కూర్చున్నారు. రెండు ముక్కలు చెప్పి, గాలి బాగోలేదన్నారు. ఎవరూ కాదనలేదు. మర్నాటికి నూనె కొట్టాయన కూడా వచ్చాడు. నేను చాలా తెలివైన పని చేశాననుకున్నాను. అలా ఇరవై రోజులు హాయిగా గడిచాయి.

ఒక శనివారం మధ్యాహ్నం కొట్లో బేరాలు లేవు. నాన్నగారు పాటల కోసం విజయవాడ పెట్టారు. కాసేపటికి నన్ను పిలిచారు.

"ఇది చూడరా. విజయవాడ నాలుగా?"

ముల్లు నాలుగు మీద కదలకుండా నిలబడి ఉంది. పాట కొట్టంతా మోగుతోంది.

"మన తక్కెడ ముల్లు పక్కకి లాగుతుంటే నేనేం చేస్తాను?"

"సరిచేస్తారండి."

"ఈ కొట్లో ఎప్పుడైనా తప్పు తూకం వేశానా?"

"లేదండి."

"మరి నాకోసం నువ్వెందుకు వేశావురా?" అన్నారు. కోపంగా కాదు. కోప్పడితే బాగుండుననిపించింది. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆయన చూసి కూడా చూడనట్టు పొట్లాల దారం సర్దుకుంటూ, "సాయంత్రంలోపు సరిచెయ్యి" అన్నారు.

సరిచేశాను. విజయవాడ తొమ్మిది మీదికి వచ్చింది. దీపాలు పెట్టే వేళకి ఇద్దరూ వచ్చారు. నాన్నగారే రంగూన్ పెట్టారు, ముల్లు లేచి ఏడు మీద నిలిచింది. ఈసారి దాని వంక ఎవరూ చూడలేదు. చూడకూడదని ముగ్గురికీ తెలిసినట్టే ఉంది.

నాన్నగారే అన్నారు. "ముల్లు కరెక్టేనండి మాస్టారూ. స్టేషన్ బాగానే వస్తోంది. నాకే సగం తెలియట్లేదు. మర్చిపోయానండి."

ఇంత చిన్న మాట చెప్పడానికి ఆయన పెద్ద వానలో తడిసినట్టు అయిపోయారు. కండువాతో మొహం తుడుచుకున్నారు. నూనె కొట్టాయన తలొంచుకున్నాడు.

హెడ్మాస్టారు జరిగి నాన్నగారికి దగ్గరగా కూర్చున్నారు. "దానికేముందండీ? తెలిసిన సగం చెప్పండి" అన్నారు.

నాన్నగారు కళ్లు మూసుకుని విన్నారు. వార్తలు సాగిపోతున్నాయి. చాలాసేపటికి ఆయన మొహంలో ఏదో కదిలింది.

"మో," అన్నారు. "వానండి. ఎక్కడో వాన పడిందంటున్నాడు."

"వాననేమంటారు నాన్నగారూ?" అని అడిగాను.

"మో."

నేను కూడా అన్నాను. అలా కాదని పెదాలు గుండ్రంగా పెట్టి చూపించారు. మళ్లీ అన్నాను. మళ్లీ కాదన్నారు. మూడోసారికి తల ఊపారు. పుట్టినప్పటి నుంచీ ఆయన పక్కనే ఉన్న కొడుకుని. ఆ భాషలో ఒక్క మాట నేర్పమని ఆయన్ని అడగడం నాకదే మొదటిసారి.