వరండాలో నేర్చుకున్న బ్లూస్

మా డ్రిల్లు మాస్టారు పోయారని నాకు తెలిసింది సంతాప సభ కరపత్రం చూసి. బోగోలు నుంచి వచ్చిన మా పిన్ని కొడుకు దాన్ని మడతపెట్టి తెచ్చి నా చేతికిచ్చాడు. "క్రమశిక్షణకు మారుపేరు" అని అచ్చు వేశారు. అధ్యక్షులు ఎవరా అని చూస్తే, పదేళ్ల కిందట ఆయన్ని బడి నుంచి వెళ్లగొట్టిన హెడ్మాస్టరే! ఏడుపు రావాల్సిన చోట ఒళ్లు మండింది. చచ్చినవాడి కళ్లు చారెడు అని ఊరికే అన్నారా? ఆ సభలో ఎవరూ చెప్పని సంగతి నేను చెబుతాను, మీరు వినండి.

మాది సముద్రం ఒడ్డు పల్లె. చేపలు పట్టే ఇళ్ల పిల్లలం కూడా ఆ బడిలోనే చదువుకునేవాళ్లం. చదువుకోవడమంటే వరండాలో. చేపల వాసన వస్తుందని హెడ్మాస్టరు మమ్మల్ని లోపలికి రానిచ్చేవాడు కాదు. కిటికీలోంచి వినబడినంతే మాకు పాఠం. ఆ వరండాలోకి వచ్చి, మాతోపాటు నేల మీద కూర్చున్న మాస్టారు ఈయన ఒక్కరే.

యుద్ధకాలంలో ఆయన పట్టాళం బ్యాండులో క్లారినెట్ వాయించారట. అస్సాంలో రోడ్లు వేయడానికి వచ్చిన అమెరికా నల్ల సిపాయిల దగ్గర జాజ్, బ్లూస్ నేర్చుకున్నారట. క్లారినెట్‌కి నోటి దగ్గరుండే పీకను టీ గ్లాసులో నానబెట్టి, ఆ టీ కూడా తాగేసేవారు. మేం ఛీ అంటే, "పాటకి రుచి కావద్దంట్రా?" అని నవ్వేవారు.

"ఆ నల్ల సిపాయిల తాతల్ని ఓడల్లో కట్టేసి తీసకపోయినారు. పత్తి చేలల్లో గొడ్ల మాదిరి పని చేయించినారు. ఆ పనిలో పుట్టిన పాటలివి. మీ నాయనోళ్లు వల లాగేటప్పుడు ఒకడు అంటే పదిమంది అందుకోరా? అట్టాగే," అని చెప్పారు. మాకు ఇట్టే తెలిసిపోయింది. తెలియనివి చప్పట్లే. నాలుగు దెబ్బల తాళంలో మేం ఒకటి మీద కొడితే, ఆయన రెండు మీదా నాలుగు మీదా కొట్టమనేవారు. వారం రోజులు మా చేతులు మా మాట వినలేదు.

బ్లూస్ ఎట్లా కట్టాలో కూడా ఆయనే నేర్పారు. ఒక మాట పాడాలి. అదే మాట మళ్లీ పాడాలి. మూడో మాటలో దానికి జవాబు రావాలి. "మొదటిసారి పాడితే ఎవురికీ వినపడదు. రెండోసారి పాడితే మనకి వినపడతాది. మూడోసారికి నిజం దానంతట అదే వస్తాది," అనేవారు. జాజ్‌కైతే ఇంకో మాట ఉండేది. "పాట అందరిదీ. నీ వంతు వచ్చినప్పుడు నీ మాదిరి పాడు, నా మాదిరి పాడబాక. అయినాక పక్కోడికి దారియ్యి."

బడి వార్షికోత్సవానికి ఎవరి పాట వాళ్లే కట్టుకు రమ్మన్నారు. అప్పుడు నాకు పదకొండేళ్లు. మా అమ్మ రోజూ హెడ్మాస్టరు ఇంటికి చేపలు వేసి వచ్చేది. నేను కట్టింది ఇది:

మా చేప సారు వంటింట్లోకి పోతాది,
మా చేప సారు వంటింట్లోకి పోతాది,
చేపని పట్టినోళ్ల బిడ్డ వరండాలో ఉంటాది.

మాస్టారు విని క్లారినెట్ పక్కన పెట్టారు. "భయం లేదా మే?" అన్నారు. లేదన్నాను. "అయితే పాడు. దీంట్లో ఒక్క అక్షరం నేను మార్చను," అన్నారు.

పాడాను. నా గొంతు వెనకాలే ఆయన క్లారినెట్ ఏడ్చింది. వెనక ఇసుకలో నిలబడ్డ మా వాళ్లు ఈలలు వేశారు. ముందు కుర్చీల్లో ఒక్కరూ కదల్లేదు.

మర్నాడు హెడ్మాస్టరు మా ఇద్దర్నీ తన గదిలోకి పిలిచాడు. ఆ బడిలో నేను ఒక గడప దాటడం అదే మొదలు. "ఎవురే ఈ పాట రాసిచ్చింది? నిజం చెప్పకపోతే మీ అమ్మ గంప ఇంక ఈ ఊళ్లోకి రాదు," అన్నాడు. పదకొండేళ్ల పిల్లని తల్లి గంప పేరు చెప్పి బెదిరించిన మనిషి, రేపు సభలో మాస్టారి పటానికి దండ వేస్తాడట! సరే, వాడి సంగతి వదిలేయండి. నేనేమన్నానో తెలుసా? "అయ్యోరే రాసిచ్చినాడు సార్," అన్నాను.

మాస్టారు నా వైపు చూడనైనా చూడలేదు. "అవును సార్. చంటిదానికేం తెలుసు? నేనే రాసిచ్చినా," అన్నారు. సాయంత్రానికల్లా ఉద్యోగం పోయింది. ఆ తర్వాత పెళ్లి మేళాల్లో సినిమా పాటలు వాయించుకుని బతికారు. ఆ పాట నాదని ఇన్నేళ్లలో నేను ఒక్క మనిషికీ చెప్పలేదు. హెడ్మాస్టరు మీద ఎంత మండుతోందో, నా మీద నాకు అంతకు రెట్టింపు మండుతోంది. మాస్టారి మీద కూడా కోపమే. నన్ను ఒక్క తిట్టు తిట్టి ఉంటే ఆయన సొమ్మేం పోయేది?

తిట్టలేదు. గదిలోంచి బయటికి వచ్చాక ఆగి, "మూడో మాట బాగుండాది మే. కాకపోతే తొందరపడినావు. ఊపిరి పీల్చుకోని అనాల," అన్నారు. క్లారినెట్ పెట్టెను సైకిలు వెనక కట్టుకుని బయల్దేరారు. బడి ముందంతా ఇసుకే. చక్రాలు కూరుకుపోయాయి. ఆయన దిగి, వంగి, రెండు చేతులా నెట్టుకుంటూ పోయారు. వరండాలో పదిహేడు మందిమి నిలబడి చూస్తూ ఉన్నాం. వెనక ఒక చెయ్యి వేయడానికి ఒక్కరమూ మెట్టు దిగలేదు.