బాపు బెల్టు మార్చిన ఆదివారం

ఇంజిన్ పక్కనున్న ప్లాస్టిక్ కవర్ ఊడి చేతికి వచ్చింది. లోపలున్న బెల్టును వంగి చూశాను.

నాకు ఇంజిన్ల గురించి తెలిసింది తక్కువే. కానీ చిరిగినదాన్ని చిరిగిందని చెప్పడానికి మెకానిక్కే కానక్కరలేదు కదా! ఆ రబ్బరు బెల్టు నిండా అడ్డంగా పగుళ్ళు. ఒక అంచు పోగులు పోగులుగా లేచిపోయింది. రెండు చోట్ల పళ్ళు సగానికి సగం తెగి ఉన్నాయి. ఈ బెల్టు దయమీద నా పిల్లలిద్దరూ రోజూ పొద్దున లాల్‌గడి మలక్‌పేట్‌లో కారెక్కి, అలియాబాద్ దగ్గర పెద్ద రోడ్డు మీదికొచ్చి, లారీల మధ్య శామీర్‌పేట బడికి పోయి వస్తున్నారు. నడిపేది మా నాన్న, మా బాపు.

"ఏంది బాపూ ఇది! ఇట్లున్నదాని మీద పిల్లలను తిప్పుతున్నవా? రోడ్డు నడుమ తెగి ఆగితే వెనకొచ్చే లారీ ఆగుతదా?" అని గట్టిగానే అరిచాను.

మామూలుగా అయితే నా మాట పూర్తయ్యేలోపే బాపు నుంచి రెండు జవాబులు వచ్చేవి. ఆ రోజు మాత్రం వేళ్ళతో బెల్టు అంచును నిమురుతూ, పగుళ్ళ దగ్గర ఆగుతూ, "నిజమే, ఖరాబయింది" అన్నాడు మెల్లగా. నాకది వింతగా అనిపించింది. అంతకుమించి ఆలోచించలేదు, తెలివితక్కువదాన్ని.

బాపు ముప్పై ఏళ్ళకు పైగా పెద్ద రోడ్డు పక్కన రేకుల షెడ్డులో లారీలు, ట్రాక్టర్లు బాగుచేసిన మనిషి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు షెడ్డు పోయింది. ఆ తర్వాత ఆయనకంటూ మిగిలిన పని ఒక్కటే, నా పిల్లల్ని బడిలో దింపి సాయంత్రం తీసుకురావడం. నేనూ మా ఆయనా మేడ్చల్‌లో మందుల కంపెనీలో పనిచేస్తాం. ఏడు కాకముందే బస్సెక్కాలి. అమ్మానాన్నల ఇల్లు మా ఇంటి వాకిట్లోనే ఉంది కాబట్టి మాకు ఆ బెంగ ఉండేది కాదు. కారు పాత డీజిలు బండి. అందరం దాన్ని బాపు బండి అనే అంటాం. నాకు నడపడం నేర్పింది కూడా ఆయనే.

ఈ బెల్టు మార్చాలని బాపే అన్నాడు. షెడ్డుకిద్దామంటే ఎగిరిపడ్డాడు. "ఊరోళ్ళ బండ్లన్నీ నేను బాగుచేసిన. నా బండి ఇంకోడు ఇప్పుతడా? నా ఇజ్జత్ ఏం గావాలె?" అన్నాడు. సరే, ఆదివారం వాకిట్లోనే పని పెట్టుకున్నాం. పిల్లలిద్దరూ వాళ్ళ నాన్నతో నానమ్మ ఇంటికి పోయారు. నా పని పానాలు అందించడం, తిట్లు తినడం. తినడమే కాదు, వడ్డీతో తిరిగి ఇస్తాను కూడా. మా ఇద్దరికీ అదో సరదా.

పని ఎక్కువే కానీ సంగతి తేలికగానే అర్థమైంది. కింద ఒక పుల్లీ, పైన ఒక పుల్లీ. రెండూ ఒకదానితో ఒకటి తప్పకుండా తిరగాలి. వాటిని కలిపేది ఈ పళ్ళ బెల్టు. పాతది తీసేముందు ఏ పుల్లీ ఎక్కడుందో గుర్తు పెట్టుకోవాలి. కొత్తది ఎక్కించేటప్పుడు ఆ గుర్తులు ఒకదానికెదురుగా ఒకటి రావాలి.

"తప్పితే ఏమయితది బాపూ?"

"ఏమయితది? లోపల వాల్వులు వంగిపోతయి. ఇంజిన్ ఖతం. ఇగ బండిని తూకానికి అమ్ముకోవాలె."

గుర్తులు వెయ్యడానికి అందరూ పెయింట్ వాడతారట. బాపు ఏనాడూ వాడలేదు. జేబులో తంబాకు డబ్బీ ఎలాగూ ఉంటుంది, అందులో ఒక అర నిండా సున్నం. పుల్లీని పెట్రోలు గుడ్డతో తుడిచి, దాని మీదున్న సన్నటి గాడిని గోటితో తడిమి పట్టుకుని, అక్కడొక సున్నం చుక్క పెట్టాడు. దానికెదురుగా ఇంజిన్ మీద ఇంకొకటి. చూడకుండా, వట్టి వేళ్ళతోనే. అనుభవమంటే ఇదీ అనుకున్నాను. నాకెంత గర్వమనిపించిందో చెప్పలేను.

పాత బెల్టు ఊడదీసేసరికి మధ్యాహ్నమైంది. అమ్మ అన్నానికి పిలిచింది. మేము చేతులు కడుక్కుని లోపలికి పోగానే తను పసుపు గిన్నె పట్టుకుని బయటికొచ్చింది. మా ఇంట్లో బొట్టు పెట్టకుండా ఏ కొత్త సామానూ పనిలోకి దిగదు. మిక్సీ అయినా, బోరు మోటారైనా, ఆఖరికి గోడ గడియారమైనా. కుంకుమ అయిపోయిందని ఆ రోజు పసుపుతోనే సరిపెట్టింది. కొత్త బెల్టుకొక బొట్టు, బయటికి కనిపిస్తున్న పుల్లీకొక బొట్టు పెట్టి, దండం పెట్టుకుని వచ్చి మాకు పప్పు వడ్డించింది.

తిన్నాక మళ్ళీ కూర్చున్నాం. బెల్టు తీసినప్పుడు పై పుల్లీ కొంచెం పక్కకు జరిగింది. అది మామూలేనట. బాపు పానా పెట్టి దాన్ని మెల్లగా తిప్పాడు. ఇంకొంచెం. ఇంకొంచెం. ఆపాడు.

"కుదిరింది. బెల్టియ్యి."

నేను బెల్టు అందించబోతూ లోపలికి తొంగిచూశాను. ఇంజిన్ మీది సున్నం చుక్కకు సరిగ్గా ఎదురుగా ఉన్నది అమ్మ పెట్టిన పసుపు బొట్టు. బాపు పెట్టిన సున్నం చుక్క మూడు వేళ్ళ దూరంలో తెల్లగా మెరుస్తోంది.

నాకు నవ్వాగలేదు. "ఏంది బాపూ, అమ్మ పెట్టిన బొట్టుకు కలుపుతున్నవ్! నీ సున్నం గిక్కడున్నది చూడు."

"ఏడ?"

"గిదిగో."

ముక్కు పుల్లీకి తగిలేంతగా వంగాడు. "గది పసుపు గాదా?"

"అది సున్నం. ఇది పసుపు."

ఒకదాన్ని చూశాడు. రెండోదాన్ని చూశాడు. మళ్ళీ మొదటిదాన్ని చూశాడు. "రెండూ పసుపే గదనే" అన్నాడు.

నవ్వడం ఆపి, ఆయన జేబులోంచి తంబాకు డబ్బీ తీసి, వేలితో సున్నం తీసి నా అరచేతిలో రాసుకుని ఆయన ముందు పెట్టాను. "ఇదేం రంగు?"

"పసుపు."

మా ఇంటి గోడకు ఆ నెలలోనే తెల్ల సున్నం వేయించాం. దాన్ని చూపించి, "మరి గా గోడ?" అన్నాను.

బాపు గోడ వైపు తిరగనేలేదు. పానా కింద పెట్టాడు. "నాకు అన్నీ గదే రంగున్నయి బిడ్డా. పోయిన ఎండకాలం సంది. మొదలు రంగే మారింది. ఇప్పుడు పొగ కమ్మినట్టుంటది" అన్నాడు.

ఇంకొక్క నిమిషం నేను చూడకపోతే ఇంజిన్ పోయేది. ఆ సంగతి నాకు తర్వాతెప్పుడో గుర్తొచ్చింది. అప్పుడు నా కళ్ళముందు ఉన్నది వెనక సీటు. బడి సంచులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న నా పిల్లలు. పోయిన ఎండాకాలం నుంచి!   

"మరి బండెట్ల నడుపుతున్నవ్?" అన్నాను.

 జవాబిచ్చింది అమ్మ. గడపలో నిలబడి కొంగుతో చేతులు తుడుచుకుంటూ, ఉప్పో కారమో అందించినంత మామూలుగా చెప్పింది.

"ముంగట నేను కూసుంట గదా."

అమ్మ రోజూ ఆ కారులో ముందు సీట్లో కూర్చుని శామీర్‌పేట పోయివస్తుంది. కూరగాయలకనే అనుకున్నాను నేను. ఈ వయసులో జంటగా షికార్లేందని ఇద్దరినీ ఆటపట్టించాను కూడా. ఇద్దరూ నవ్వి ఊరుకున్నారు.

"లారొస్తాందంటె ఆగుతడు. సైకిలంటె పక్కకు తీస్తడు. బర్రెలంటె హారన్ కొడ్తడు. జల్దీ పోనియ్య నేను. మెల్లగనే పోతం."

ఓరి దేవుడా! మా అమ్మకు బ్రేకేదో క్లచ్చేదో తెలియదు. సైకిలైనా తొక్కి ఎరగదు. ఒకరికి కళ్ళు, ఒకరికి చేతులు. ఆ ఇద్దరూ కలిసి ఒక డ్రైవరన్నమాట! ఆ డ్రైవరు చేతిలో నా పిల్లల ప్రాణాలు! నేను మేడ్చల్‌లో నిశ్చింతగా మందు డబ్బాల మీద చీటీలు సరిచూసుకుంటూ, బాపు ఉన్నాడు కదా, నాకేం భయమని పక్కవాళ్ళకు గొప్పలు చెప్పుకుంటున్నాను.

అప్పుడొచ్చింది నాకు కోపం. అలాంటి ఇలాంటి కోపం కాదు. "ఒక్కసారన్న చెప్పబుద్ధి కాలేదా మీకు? నా పిల్లలు గారా వాళ్ళు? నా డ్యూటీ మార్చుకుంటుంటి గదా! బడి బస్సు మాట్లాడుకుంటుంటి గదా! ఏమన్న అయింటే నేనెవరిని అడగాలె?" అని వాకిలి అదిరేలా అరిచాను.

"కాలే గదా" అంది అమ్మ.

కాలే గదా అట! విన్నారా!

"చెప్తే నువ్వు బండి గుంజుకుంటవు" అంది అమ్మ, ఈసారి గొంతు తగ్గించి. "బండి పోతే గీయన మంచమెక్కుతడు. షెడ్డు పోయినప్పుడు చూసినవ్ గదా, రెండు నెలలు అన్నం సయించలే. శుక్లాలున్నయి, ఆపరేషన్ జేస్తె మంచిగయితదని డాక్టరన్నడు. కొన్నొద్దులు బండి ముట్టొద్దని కూడ అన్నడు. గా మాటకే పరేషాన్ అయి లేచొచ్చిండు. ఒకపారి చేతుల నుంచి పోయినంక ఇగ మళ్ళ నాకియ్యరు అన్నడు."

బాపు అప్పటిదాకా నేల చూస్తూ కూర్చున్నాడు. తలెత్తకుండానే మాట్లాడాడు.

"బెల్టు షెడ్డుకెందుకు ఇయ్యలేదో తెలుసా బిడ్డా? ఇజ్జత్ కోసం గాదు. నిన్న మీ అమ్మకు మాటిచ్చిన. ఈ బెల్టు నా అంతట నేను సక్కగ ఎక్కిస్తె ఇంకొన్నాళ్ళు నడుపుత. తప్పితే తాళంచెవి నీకిచ్చేస్త అని. నా చేతుల మీద నాకు మస్తు నమ్మకముండె."

తన పరీక్ష తనే పెట్టుకున్నాడు. అది తప్పాడని ముందుగా చెప్పింది నేను. అది కూడా నవ్వుతూ చెప్పాను. నాకు ఏడుపొచ్చింది. కోపం పోలేదు, ఇప్పటికీ పూర్తిగా పోలేదు. కానీ ఆ కోపాన్ని ఎవరి మీద పెట్టాలో తెలియలేదు.

కారు విప్పి ఉంది. వదిలేస్తే కుదరదు. కాసేపటికి మళ్ళీ కూర్చున్నాం. పసుపు బొట్టును నేనే గుడ్డతో తుడిచేశాను, అమ్మ కూడా అడ్డుచెప్పలేదు. బాపు పుల్లీ తిప్పుతుంటే నేను చుక్కల మీదినుంచి కళ్ళు తియ్యకుండా చెబుతూ పోయాను. ఇంకొంచెం, ఇంకొంచెం, వెనక్కి, ఆగు. కింది పుల్లీ గుర్తు కూడా నేనే చూశాను. బెల్టు ఆయన ఎక్కించాడు. ఎంత బిగువుండాలో బొటనవేలితో నొక్కి ఆయనే తేల్చాడు. ఆ వేళ్ళకు ఏమీ కాలేదు, ముప్పై ఏళ్ళ కిందటి వేళ్ళే. పానాతో ఇంజిన్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పించాడు. రెండో చుట్టు పూర్తయ్యేసరికి చుక్కలు మళ్ళీ వచ్చి ఎదురెదురుగా నిలిచాయి.

"ఉన్నయా?"

"ఉన్నయి బాపూ."

"మళ్ళ చూడు."

"మళ్ళ చూసిన. ఉన్నయి."

కవర్ బిగించి, పొద్దున విప్పిన ముందు చక్రం ఎక్కించి, జాకీ దింపేసరికి పొద్దు వాలుతోంది. బాపు డ్రైవర్ సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. ఇంజిన్ ఒక్క దెబ్బకు అందుకుంది. ఎక్కడా తేడా చప్పుడు లేదు. ఆయన కళ్ళు మూసుకుని తల కొంచెం పక్కకు వంచి విన్నాడు. ఉదయం నుంచి మొదటిసారి ఆయన మొహం విప్పారింది. "మంచిగున్నది" అన్నాడు. చాలాసేపు అలాగే విన్నాడు. నేను కారు తలుపు దగ్గరే నిలబడ్డాను. జాకీ తీసి లోపల పెట్టమని అమ్మ పిలిస్తే బండి వెనక్కి పోయాను.

ఇంజిన్ ఆగింది. బాపు దిగాడు. తాళంచెవి తీసి అరచేతిలో పెట్టుకుని నేను ఇందాక నిలబడిన వైపు తిరిగాడు. అక్కడ దండెం మీద నా ఎర్ర చీర ఆరేసి ఉంది. దాని వెనక వాలిన ఎండ. ఆయన రెండడుగులు వేసి, చీర ముందు నిలబడి, తాళంచెవిని దానికి అందించాడు.

"తీస్కో బిడ్డా. రేపటి సంది పిల్లలను నువ్వే దింపు."

చీర గాలికి కొంచెం కదిలింది. బాపు చెయ్యి చాపి అలాగే నిలబడ్డాడు. "కోపం పోలేదా ఇంకా? తీస్కో" అన్నాడు.

అమ్మ చూసింది. చెప్పబోయి నోరు తెరిచింది. నేను చెయ్యి అడ్డంపెట్టి వద్దని సైగ చేశాను. చెప్పులు విడిచి, చప్పుడు కాకుండా బండి చుట్టూ తిరిగి వెళ్ళి, ఆ చీరకూ ఆయనకూ మధ్యలో నిలబడి, తాళంచెవి అందుకున్నాను.