యేసమ్మ పేరు చెప్పని ఆకు

గోదావరిఖనిలో బొగ్గుబావులు కొత్తగా తెరిచిన రోజుల్లో, కార్మికుల క్వార్టర్లలో ఎవరి కళ్లు పచ్చబడినా యేసమ్మ గుమ్మం ముందుకు వచ్చేవారు. దవాఖానకు పోవద్దని ఆమె ఎవరికీ చెప్పలేదు. "ఆ మందూ తాగుండ్రి, నా ఆకూ తాగుండ్రి. కడుపులకు పోయినంక అవే మాట్లాడుకుంటయి" అనేది.

ఆమె పుట్టింది కాసిపేట అవతల, గుట్టల మీది పల్లెలో. వానాకాలం వాగు పొంగితే కిందికి దిగే దారే ఉండదు. జ్వరమొచ్చినా, తేలు కుట్టినా ఆ గుట్టే దిక్కు. ఏ బండ పక్కన ఏ మొక్క ఉందో అక్కడి ఆడవాళ్లకు వంటింట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలిసినంత బాగా తెలుసు. యేసమ్మకు అదంతా అవ్వ నేర్పింది. దగ్గుకు అడ్డసరం కషాయం, ఒళ్లునొప్పులకు వావిలాకు నీళ్లు, ఇవన్నీ అడిగినవాళ్లకల్లా చెప్పేది. షిఫ్టు దిగి నడుం పట్టుకుని వచ్చే మొగుళ్లకు వావిలాకు కాచి పోయడం ఆ వాడ ఆడవాళ్లంతా ఆమె దగ్గరే నేర్చుకున్నారు.

పచ్చకామెర్లకు ఇచ్చే పసిరికల మందు మాత్రం వేరు. దాని పేరు పైకి చెప్పకూడదు. చెప్పిన రోజే హస్తవాసి పోతుందని ఆ పల్లెలో గట్టి నమ్మకం. అవ్వ ముసలితనంలో ఆ పేరు యేసమ్మ చెవిలో చెప్పింది, ఆ తర్వాత మళ్లీ ఆ ఆకు ముట్టలేదు. యేసమ్మ ప్రభువును నమ్ముకున్న మనిషే. ప్రార్థన చేయకుండా మందు గిన్నె అందించేది కాదు. అయినా అవ్వ మాట దాటలేదు. తెల్లారకముందే ఆకు నూరి, ఎవరి కంటా పడకుండా మజ్జిగలో కలిపేసేది. మొగుడు జ్ఞానయ్యకు కూడా ఆనవాలు తెలియనివ్వలేదు. ఆయన వరసకు మేనబావ. ఊరుకునే రకం కాదు.

"ఆకుల డాక్టరమ్మా, నా చాయల ఏమేసినవో అదన్న చెప్తవా?" అని రోజూ ఆటపట్టించేవాడు.

ఒక ఏడు చలి మొదలయ్యే వేళకు యేసమ్మ కళ్లే పచ్చబడ్డాయి.

దవాఖానలో చూపించారు, మాత్రలు ఇచ్చారు, గ్లూకోజ్ ఎక్కించారు. అయినా అన్నం చూస్తే వాంతి. మనిషి మంచానికి అతుక్కుపోయింది. పక్కింటి పోశవ్వ ఉండబట్టలేక అడిగేసింది.

"అందరికి ఇస్తివి గదనే, నువ్వెందుకు తాగవు?"

"నా చెయ్యి నాకు పని చెయ్యదక్కా. ఇంకొకరు తెంపాలె, ఇంకొకరు ఇయ్యాలె."

ఇంకొకరు తెంపాలంటే పేరు చెప్పాలి. చెబితే వాసి పోతుంది. రేపు ఏ పసిపిల్ల కళ్లో పచ్చబడితే వట్టి చేతులతో నిలబడాలి. అదీ ఆమె బాధ. జ్ఞానయ్యకు అంత దూరం ఆలోచన లేదు. డ్యూటీ దిగి వచ్చి, మొహమన్నా కడుక్కోకుండా మంచం పక్కన కూలబడ్డాడు.

"లోకం ఫికర్ పెట్టుకొని నువ్వు పోతే, నాకెవరున్నరే?"

బావిలో పైకప్పు పెళపెళమన్నా బెదరని మనిషి గొంతు వణికింది. ఆ వణుకు విన్నాక యేసమ్మ ఇంకేమీ ఆలోచించలేదు. దగ్గరికి వంగమని సైగ చేసి, చెవిలో చెప్పింది.

"నేల ఉసిరి."

అంతే, అలసటతో కళ్లు మూసుకుంది. జ్ఞానయ్య సైకిలెక్కి మాయమయ్యాడు. పొద్దుగూకే వేళకు తువ్వాల మూటతో వచ్చి ఆమె ముందు విప్పాడు. మూట నిండా ఉసిరికాయలు. కొన్ని చితికిపోయాయి, అన్నిటికీ మట్టే.

"మంథని తొవ్వల తోట దాక పోయిన. తోటాయన కొమ్మ దులుపుతనంటే చెయ్యి పట్టి ఆపిన. చెట్టు మీదిది ఒక్కటి ముట్టలే యేసమ్మా. అన్ని నేల మీద పడ్డయే!"

యేసమ్మ కాయల్ని చూసింది, చెమటతో మసి కారుతున్న ఆ మొహాన్ని చూసింది. మంచాన పడ్డాక మొదటిసారి నవ్వింది. ఇలాంటి మనిషిని వదిలి ఎక్కడికి పోతుంది?

"నేల మీద పడ్డది గాదు బావా, నేల మీద మొలిచేది. లే, చూపిస్త."

అతని భుజం పట్టుకుని పెరట్లోకి నడిచింది. నల్లా నీళ్లు పారే చోట జానెడు మొక్కలు, ఆకుల అడుగున ఆవగింజలకన్నా కొంచెం పెద్ద కాయలు. జ్ఞానయ్య నోరు తెరిచాడు. డ్యూటీ నుంచి రాగానే మసి కాళ్లు కడుక్కునేది సరిగ్గా అక్కడే.

"రోజు తొక్కుతున్న గదనే దీన్ని!"

ఆయనే తెంపాడు, ఆయనే నూరాడు, పరగడుపున మజ్జిగలో కలిపి తాగించాడు. దవాఖాన మాత్రలూ మానలేదు. క్రిస్మస్ నాటికి యేసమ్మ పొయ్యి ముందు కూర్చుని వంట చేసింది.

పండుగ దాటాక, వెనక వరసలో ఉండే సారవ్వ తన మొగుణ్ణి వెంటబెట్టుకొచ్చింది. అతని కళ్లు పచ్చగా ఉన్నాయి. యేసమ్మ అలవాటుగా లేవబోయి ఆగిపోయింది.

"నా చేతిల ఏం లేదక్కా ఇగ. మా బావనడుగు."

జ్ఞానయ్య పెరట్లోకి వెళ్లాడు. యేసమ్మ గడపలో కూర్చుని రెండు చేతులూ కొంగులో దాచుకుంది. లోపల రోలు చప్పుడవుతుంటే ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అతను గిన్నె పట్టుకొచ్చి, ఆమె ప్రార్థన చేసేదాకా ఆగి, అప్పుడు అందించాడు.

"ఏం ఆకు అన్నా ఇది?" అడిగింది సారవ్వ.

ఇన్నేళ్లు అదే మాట అడిగి అడిగి పెళ్లాం ప్రాణం తీసిన జ్ఞానయ్య, చర్చిలో నిలబడినంత గంభీరంగా మొహం పెట్టాడు.

"చెప్పద్దక్కా. చెప్తే వాసి పోతది."