మూడు ఆదివారాల బాకీ

రష్యాకు కోడలిగా వెళ్లిన డెన్మార్క్ రాజకుమారి ఏమేం పోగొట్టుకుందో ఒకసారి వరసగా లెక్క వేశాను. ముందు, నిశ్చయమైన వరుడు పెళ్లికి ముందే పోయాడు. అతని తమ్ముడిని చేసుకుంది. దానికోసం పుట్టిన మతం వదిలింది, పుట్టిన పేరు వదిలింది. తర్వాత ఒక పసిబిడ్డ, భర్త, ఎదిగిన ముగ్గురు కొడుకులు, కిరీటం, చివరికి మెట్టిన దేశమే పోయాయి. నలుగురు కొడుకుల్లో ఒక్కడూ తల్లి తర్వాత మిగల్లేదు. ముసలితనంలో పుట్టిన దేశానికి తిరిగివచ్చి, అక్కతో కలిసి ఎప్పుడో కొనుక్కున్న సముద్రపు ఒడ్డు ఇంట్లో కన్ను మూసింది. డెబ్బై ఎనిమిదేళ్లు గడిచాక ఆ శవపేటికను కూడా రష్యాకు తీసుకెళ్లి భర్త పక్కన పెట్టారు.

"వీటిలో పెద్ద నష్టం ఏదంటారు?" అని మా పక్కింటి పెద్దావిడను అడిగాను.

"కొడుకులే. అందులో సందేహం ఏముంది? కానీ అవన్నీ ఎవరో లాక్కున్నవి. పేరు మాత్రం ఆమె తన చేత్తో ఇచ్చింది," అన్నారావిడ.

పిస్కాటవేలో మా రెండిళ్లకూ మధ్య కంచె లేదు. ఆవిడ నాయనమ్మ డెన్మార్క్ నుంచి ఇళ్లలో పనిమనిషిగా ఈ న్యూజెర్సీకి వచ్చిందట. హాలు గోడ నిండా నీలం, తెలుపు రంగుల పింగాణీ పళ్లేలు వరసగా తగిలించి ఉంటాయి. ప్రతి ఏడాదీ ఆవిడ టాక్స్ కాగితాలు నేను చూసిపెడతాను. ఆవిడ కాఫీ ఇచ్చి, ఒక్కో రాజకుమారి కథ చెబుతారు. లెక్కలు నేను ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదు. ఇక్కడికి వచ్చిన కొత్తలో నా వీసా మీద ఉద్యోగం చేసే వీల్లేదు. ఇంట్లో కూర్చున్న ఆ ఏళ్లలో లైబ్రరీ పుస్తకాలు తెచ్చుకుని సొంతంగా నేర్చుకున్నాను. ఇప్పుడు ఒక పళ్ల డాక్టరు ఆఫీసులో బిల్లింగ్ చేస్తాను. ఎడిసన్‌లోని మా తెలుగు చర్చికి ట్రెజరర్ని కూడా నేనే.

ఆవిడ చెప్పిన కథల్లో నా బుర్రకు బాగా పట్టింది స్కాట్లాండ్ రాజును చేసుకున్న పదమూడేళ్ల పిల్లది. కట్నం అరవై వేల బంగారు నాణాలని ఒప్పుకున్నాడు తండ్రి, డెన్మార్క్ రాజు. చేతిలో అంత లేదు. యాభై వేలకు ఒక ద్వీపాల గుంపును తాకట్టు పెట్టాడు. మిగిలిన పదివేలు రొక్కం ఇస్తానన్నాడు కానీ రెండు వేలే కుదిరాయి. ఆ ఎనిమిది వేలకు ఇంకో ద్వీపాల గుంపు పెట్టాడు. తర్వాతి రాజులు బాకీ తీర్చి ద్వీపాలు విడిపించుకుంటామని అడుగుతూనే వచ్చారట. స్కాట్లాండ్ వాళ్లు ఏదో ఒక వంకతో దాటవేస్తూనే వచ్చారు. అసలు ఇప్పటికీ యాభై ఎనిమిది వేలు అలాగే ఉంది.

"వడ్డీ ఎంతైందో వేయనా?" అన్నాను.

"వద్దు తల్లీ, మా దేశాన్ని అమ్ముకోవాల్సి వస్తుంది," అని ఆవిడ నవ్వారు.

మా అబ్బాయి పెళ్లి కుదిరిన రోజుల్లో జరిగిన మాటలివి. అమ్మాయి వాళ్లది తెలంగాణ కుటుంబం. తండ్రి నార్త్ కరోలినాలో మోరిస్‌విల్‌లో సాఫ్ట్‌వేర్ మనిషి. వాళ్లు హిందువులు, మేం క్రైస్తవులం. పెళ్లికి ముందు అమ్మాయి బాప్తిస్మం తీసుకోవాలనీ, అప్పుడు బైబిల్ పేరు ఒకటి పెట్టుకోవాలనీ మా సంఘం పద్ధతి. నేనూ అలా వచ్చినదాన్నే. పుట్టింటివాళ్లు పెట్టిన నా పేరు గోదావరిలో మునిగి లేచేసరికి మారిపోయింది. ఇరవై ఏడేళ్లుగా ఆ పేరుతో నన్ను పిలిచినవాళ్లు లేరు.

మాటలకు మోరిస్‌విల్ వెళ్లినప్పుడు అమ్మాయి ఏమీ బెట్టు చేయలేదు. "ఇట్స్ ఓకే ఆంటీ, చర్చ్‌లో మీరు ఏ పేరు పిలిస్తే ఆ పేరు. ఐ డోంట్ మైండ్," అంది. తండ్రి మాత్రం కాసేపు టీ కప్పు తిప్పుతూ కూర్చున్నాడు.

"చెల్లెమ్మా, మీ పద్ధతి మీకుంటది. బాప్తిస్మం పిల్ల ఇష్టం, నేనడ్డు చెప్ప. చర్చిల ఏ పేరన్న పెట్టుకోండ్రి. కార్డు మీద మాత్రం మా అమ్మ పేరే ఉండాలె. పిల్లకు మా అమ్మ పేరు పెట్టుకున్న. గంతే, ఇంకేమడుగ."

"అయ్యో బావగారూ, అదెంత పని! మాటిస్తున్నాం," అన్నారు మా ఆయన. నేనూ తల ఊపాను.

మా సంఘంలో పెళ్లికి ముందు వరసగా మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. ఫలానా వారి కుమారుడికీ ఫలానా వారి కుమార్తెకూ వివాహం నిశ్చయమైంది, ఎవరికైనా అభ్యంతరం ఉంటే తెలియజేయండి అని మైకులో అడుగుతారు. మా పాస్టరు అయ్యగారు ఆ ప్రకటన అమ్మాయి కొత్త పేరుతో రాసి పంపారు. మా ఆయన ఆ వాక్యాలనే కాపీ చేసి ఓక్ ట్రీ రోడ్డులో కార్డులు వేసే షాపుకు పంపేశారు. మోరిస్‌విల్‌లో ఇచ్చిన మాట ఆ నిమిషంలో ఆయనకు గుర్తుకు రాలేదు.

అచ్చుకు ముందు చూసుకోమని కార్డు ప్రూఫ్ నా ఫోనుకు వచ్చింది. తేదీ చూశాను. అది శనివారం అవునో కాదో క్యాలెండర్‌లో చూశాను. టైము, జిప్ కోడ్, హాలు చిరునామా చూశాను. ఇచ్చిన రెండు ఫోన్ నంబర్లకూ డయల్ చేసి, మోగుతున్నాయని నిర్ధారించుకున్నాను. అంకెల్లో ఒక్క తప్పు లేదు. పేరు కూడా చదివాను. చదివినా కన్ను అక్కడ ఆగలేదు. నా పెళ్లి కార్డు మీదా కొత్త పేరే ఉంది. కార్డు అంటే అలాగే ఉంటుందని నాకు ఎప్పుడో అలవాటైపోయింది. "ఓకే, ప్రింట్ చేయండి," అని పెట్టాను.

పెళ్లి ఇంకో ఎనిమిది రోజులుందనగా మోరిస్‌విల్ నుంచి ఫోను వచ్చింది. ఆయన గొంతు పెంచలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"చెల్లెమ్మా, కార్డు ముట్టింది. మంచిగున్నది. గీ కార్డు మీదున్న పిల్లెవరు?"

నాకు అప్పుడు తట్టింది. "అన్నయ్యగారూ, పొరపాటైపోయింది. ఇవాళే అందరికీ కరెక్షన్ మెసేజ్ పెట్టిస్తాను..."

"మెసేజ్ ఒద్దు. యూట్యూబ్‌ల మీ చర్చి వీడియోలు జూసిన. మూడు వారాలు మైకుల చదివిన్రు. ఎవరికన్న అభ్యంతరమున్నదా అని మూడుసార్లు అడిగిన్రు. నాకున్నది. నన్నెవరడిగిన్రు?"

"మరి ఇప్పుడు ఏం చేయమంటారు?"

"మా అమ్మ పేరుతోటి మళ్ల మూడు ఆదివారాలు చదువుండ్రి. అప్పుడొస్త."

అయ్యగారి దగ్గరికి వెళ్లాను. మధ్యలో ఉన్నది ఒక్క ఆదివారమే. అందులో ఒక్కసారైనా చదివితే మిగతాది నేను బతిమాలుకుంటానని చెప్పాను. అయ్యగారు కఠినుడేమీ కాదు. కానీ ఆ పేరు ఒక దేవత పేరు.

"బాప్తిస్మం ఇచ్చి నెల కాలేదమ్మా. ఇప్పుడు పాత పేరు వేదిక మీద చదివితే, ఆ బాప్తిస్మం ఉత్తుత్తిదా అని సంఘంలో అడగరా? ప్రకటనలు అయిపోయాయి. ప్రార్థన చేద్దాం, ఆయనే వస్తాడు."

మా ఆయనా అదే మాట అన్నారు. అమ్మాయి కూడా మొదట్లో అదే అంది. "డాడీ వస్తారు ఆంటీ. హీ ఈజ్ జస్ట్ బీయింగ్ డ్రమాటిక్." తర్వాత రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి ఫోను చేసి, "డాడీ మీకు కాల్ చేశారా?" అని అడగడం మొదలుపెట్టింది. పెళ్లికి ముందురోజు అడగలేదు.

ఆయన రాలేదు. తల్లి ఒక్కతే వచ్చింది. మేం ఆరాధనకు అద్దెకు తీసుకునే అమెరికన్ చర్చిలోనే పెళ్లి. ముందు వరసలో రిబ్బను కట్టిన కుర్చీ ఒకటి ఖాళీగా ఉంది. తలుపు దగ్గర తెల్ల చీరలో నిలబడి అమ్మాయి వెనక్కి, పార్కింగ్ లాట్ వైపు చూస్తోంది. పియానో వాయించే కుర్రాడు మొదటి చరణం వాయించి, ఎవరూ కదలకపోతే మళ్లీ మొదటి నుంచి వాయించాడు. అప్పుడు తల్లి కూతురి మోచెయ్యి పట్టుకుని నడిపించుకుని వచ్చింది. ఈ కన్యను ఎవరు ఇస్తున్నారని అయ్యగారు అడిగినప్పుడు, "నేనే," అన్న ఆ తల్లి గొంతు రెండో వరసకు కూడా వినపడలేదు.

పక్కింటి పెద్దావిడ కూడా పెళ్లికి వచ్చారు. తిరిగి వచ్చేటప్పుడు నా కార్లోనే కూర్చున్నారు. అమ్మాయి మా ఇంటికి వచ్చిపోతున్నప్పటి నుంచీ ఆవిడకు అసలు పేరుతోనే తెలుసు.

"లోపల ఆ పిల్లను వేరే పేరుతో పిలిచారేం?"

చెప్పాను.

మా వీధి మలుపు దగ్గర ఆవిడ అన్నారు. "మా నాయనమ్మ ఆ రష్యా రాణిని ఎప్పుడూ పుట్టినప్పటి పేరుతోనే చెప్పేది. డెన్మార్క్‌లో ఇప్పటికీ అంతే. రష్యాలో ఎన్నేళ్లు రాణిగా ఉన్నా, పుట్టిన దేశంలో ఆ పేరును ఎవరూ తీసెయ్యలేదు. అవునూ, నీదేంటి?"

"ఏది?"

"నీ పేరు. ముందుది."

నోటికి రావడానికి కొంచెం టైము పట్టింది. ఆవిడ రెండుసార్లు పలికి చూసి, రెండోసారి సరిగ్గానే అన్నారు. ఇప్పటికీ పెరట్లో కనిపిస్తే ఆ పేరుతోనే పిలుస్తారు. పిలిచిన ప్రతిసారీ ఎవరినో అనుకుని ఒక క్షణం ఆగుతాను.

ఏడాది గడిచింది. అమ్మాయి రెండుసార్లు మోరిస్‌విల్ వెళ్లి వచ్చింది. తండ్రి బాగానే మాట్లాడతాడట, వండి పెడతాడట. మా ఇంటి గుమ్మం మాత్రం తొక్కలేదు. "ఆ మాట ఎత్తితే డాడీ టాపిక్ మార్చేస్తారు ఆంటీ," అని చెబుతూ తనూ టాపిక్ మార్చేసింది.

మా చర్చిలో నెలలో మొదటి ఆదివారం ట్రెజరర్ లెక్కలు చదివాక, ఆ నెలలో పుట్టినరోజులూ పెళ్లిరోజులూ ఉన్నవాళ్ల పేర్లు కూడా చదవాలి. మా వాళ్ల మొదటి పెళ్లిరోజు వచ్చింది. లెక్కలు చదివాను. కాగితం మీద అమ్మాయి కొత్త పేరే ఉంది. మైకులో నేను అమ్మాయి నాయనమ్మ పేరు చదివాను, ఫలానా వారి కుమార్తె అని తండ్రి పేరుతో సహా. ప్రకటనలో చదివినట్టే నిదానంగా చదివాను.

"ఎవరమ్మా అది? కొత్తగా చేరారా?" అంది ముందు వరసలోని ఒక పెద్దావిడ, నాకూ మైకుకూ వినపడేలా.

"పాత అమ్మాయేనండీ పిన్నిగారూ," అన్నాను.

ఎవరో నవ్వారు. మా అబ్బాయి ఫోనులోకి తల దించుకున్నాడు. అమ్మాయి మాత్రం ఎవరో వెనకనుంచి పిలిచినట్టు ఒక్కసారిగా తలెత్తి చూసింది.

ఆరాధన అయ్యాక అయ్యగారు పక్కకు పిలిచారు. "ఏంటమ్మా ఇది? లెక్కల్లో ఒక్క పైసా తేడా రానివ్వరు మీరు."

"ఇదీ లెక్కేనండీ అయ్యగారూ."

ఆయన నిట్టూర్చారు. "ఇంకోసారి ఇలా చదవకండి," అన్నారు. వచ్చే నెల నుంచి పుట్టినరోజులూ పెళ్లిరోజులూ యూత్ పిల్లలు చదువుతారని కూడా చెప్పారు.

వీడియోలో ఆ ముక్క కత్తిరించి మోరిస్‌విల్ పంపాను. మర్నాడు ఫోను వచ్చింది.

"జూసిన చెల్లెమ్మా." వెనక కుక్కర్ విజిల్ వినిపించింది. "మా అమ్మ పేరు మంచిగ చదివినవ్. ఒకటి ముట్టింది."

"అన్నయ్యగారూ, అమ్మాయి పుట్టినరోజు మార్చిలో ఉంది. ఎలాగోలా అప్పుడొకసారి చదివిస్తాను. రెండవుతాయి."

"పుట్టినరోజు లెక్కల రాదు. పెళ్లి ముచ్చట పెళ్లికే. లెక్కల మనిషివి, నీకు దెల్వదా?" ఆయన నవ్వినట్టే అనిపించింది. నవ్వేనని నేను అనుకుంటున్నాను.

మూడూ ముట్టినా ఆ పెళ్లి రోజు పొద్దున మళ్లీ రాదని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. రిబ్బను కట్టిన కుర్చీని ఏ పద్దు కింద రాసుకోవాలో నాకు తెలియదు. ఈ రాతలో ఎవరి పేరూ రాయలేదు. మా కోడలి పేరు రాద్దామనుకున్నాను కానీ, మైకులో చదవాల్సింది చదివి తీర్చేదాకా కాగితం మీద వాడుకునే హక్కు నాకు లేదనిపించింది.

ఆ స్కాట్లాండ్ పెళ్లిలో బాకీ ఆడపెళ్లివాళ్లది, ఇక్కడ బాకీ మగపెళ్లివాళ్లది. అక్కడ తీరుస్తామన్నా పుచ్చుకునేవాళ్లు లేరు. ఇక్కడ పుచ్చుకునే మనిషి ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు, చదివే మైకు నా చేతిలో లేదు. రెండో పెళ్లిరోజు నెల దగ్గర పడుతోంది. యూత్ పిల్లల్లో ఆ కాగితం ఎవరు చదువుతారో కనుక్కుంటున్నాను.

ఇంకా రెండు.