ఐదో ప్రశ్న తప్పన్న మనిషి

పిల్లలు ఆవిడకి పెట్టిన పేరు భూతద్దం. లెక్కల టీచరు. జవాబు సరిగ్గా వచ్చిన పేపరునే ఎక్కువసేపు చూసేది. తప్పు చేసినవాడు తన బుర్రతో చేసుంటాడు, ఒప్పు ఎక్కణ్ణుంచి వచ్చిందో కనుక్కోవాలి కదా అనేది.

పుట్టుకతో వచ్చిన అనుమానం కాదది. ఇరవయ్యారేళ్ళప్పుడు ఒక సంబంధం కుదిరింది. ఒంటరిగా ఉంటున్నానని చెప్పిన ఆ పెద్దమనిషి జేబులోంచి ఇస్త్రీ చీటీ ఒకటి జారిపడింది. అందులో ఆడవాళ్ళ బట్టలు మూడు జతలు. ఆరా తీస్తే ఆయనకి అప్పటికే ఒక పెళ్ళాం. పెళ్ళి ఆగిపోయింది. ఆ తరవాత పదమూడేళ్ళు అన్నయ్యగారింట్లో మేడమీద గదిలో ఉంటూ, ఎవరు నవ్వుతూ పలకరించినా ‘వీళ్ళకి నాతో ఏం పనిపడింది?’ అనుకుంటూ బతికింది. "అనుమానం పెనుభూతం అమ్మా, నీకది అద్దెకి దిగలేదు, సొంతిల్లే కట్టేసుకుంది" అనేది వదిన.

అలాంటి మనిషి ఉన్న స్టాఫ్‌రూమ్‌లోకి కొత్తగా సైన్సు మాస్టారొచ్చాడు. నలభై రెండేళ్ళవాడు, ఎత్తు మనిషి, చొక్కా చేతుల మీద యాసిడ్ చిల్లులు. వచ్చిన మొదటిరోజే కిటికీ పక్కన ఆవిడ కుర్చీలో కూర్చున్నాడు. దాన్ని క్షమించినా క్షమించేదేమో. రెండోవారం, పరీక్ష హాల్లో కాపలాకి వెళ్ళినవాడు ఆవిడ తయారుచేసిన పేపరు చదివి, "పిల్లలూ, ఐదో ప్రశ్న వదిలెయ్యండి. ఆ కొలతలతో త్రిభుజం రాదు" అని గట్టిగా చెప్పాడు. నలభైమంది పిల్లలు పెన్నులు ఎత్తి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నిజంగానే రాదు. ఆవిడ అంకె ఒకటి పొరపాటున మార్చి రాసింది.

ఆ మధ్యాహ్నం కొళాయి దగ్గర ఆవిడ మొహం కడుక్కుంటుంటే సోషల్ మాస్టారొచ్చి పిప్పరమెంటు బిళ్ళ చేతిలో పెట్టాడు. బడిలో అందరికన్నా పెద్దాయన, అందరికీ బాబాయిగారు. "తప్పుంటే చెవిలో చెప్పాలి గానీ నలుగుర్లో పరువు తీస్తారటమ్మా? ఆ మనిషి మీద ఓ కన్నేసి ఉంచు" అన్నాడు. ఆవిడ ప్రపంచంలో అనుమానించని మనిషి ఆయనొక్కడే.

కన్నేసి ఉంచింది. సైన్సు మాస్టారు ఎన్నింటికి వస్తున్నాడు, ల్యాబ్ తలుపు ఎందుకు వేసుకుంటున్నాడు, తనెళ్ళగానే మాట ఎందుకు ఆపేస్తున్నాడు, అన్నీ గమనించింది. ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. ఆవిడ ఫ్యాను వేస్తే ఆయన కాగితాలు ఎగురుతున్నాయని కట్టేసేవాడు. ఆయన కిటికీ తెరిస్తే ఆవిడ లేచెళ్ళి మూసేది.

ఇంతలో హెడ్ మేడమ్ ఆవిణ్ణి పిలిచి కాగితం నకలొకటి ఇచ్చింది. సంతకం లేని ఫిర్యాదు. లెక్కల టీచరు ఇంటికి ట్యూషన్‌కి వెళ్ళే విద్యార్థులకి ప్రశ్నలు ముందే తెలుస్తున్నాయట, ఆ గొడవలో పడి ప్రశ్నపత్రాలు కూడా తప్పుల తడకలట. ఐదో ప్రశ్న సంగతి వివరంగా ఉంది.

ఆవిడ ఆ కాగితం పట్టుకుని తిన్నగా ల్యాబ్‌కి వెళ్ళింది. ఆయన పరీక్ష నాళికలు కడుగుతున్నాడు.

"పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగితే లోకానికి కనపడదనుకున్నారా?" అంది కాగితం బల్ల మీద పడేసి.

ఆయన చేతులు తుడుచుకుని ఆ కాగితం చదివాడు. హెడ్ మేడమ్ అంతకుముందే తనకిచ్చిన ఇంకో కాగితం సంచిలోంచి తీసి దాని పక్కన పెట్టాడు. సైన్సు మాస్టారు యాసిడ్ సీసాలు విద్యార్థులకి వదిలేసి ల్యాబ్‌లో నిద్రపోతాడని అందులో ఉంది. పెద్ద పెద్ద అక్షరాలు, ఎడమచేత్తో గీకినట్టు. రెండూ ఒకే చెయ్యి.

"మీ క్లాసు కిటికీలోంచి ల్యాబ్ కనిపిస్తుంది. మీరే అనుకున్నాను" అన్నాడాయన.

"మరి అడగలేదేం?"

"అవునంటారేమోనని భయమేసింది."

ఆవిడ అంతమాత్రాన నమ్మలేదు. దొంగే తన మీద తాను ఫిర్యాదు రాసుకుని ఉండొచ్చు కదా! రెండు కాగితాల్లోనూ ‘విద్యార్థులు’ అన్నమాట ‘విధ్యార్థులు’ అని ఉండటం కంటపడింది. వెంటనే తెల్లకాగితం ముందు పెట్టి "రాయండి" అంది.

"ఏంటీ, డిక్టేషనా?"

"పది మాటలు."

ఆయన బుద్ధిగా రాశాడు. ‘విద్యార్థులు’తో సహా అన్నీ సరిగ్గా ఉన్నాయి. కాగితం తిప్పి ఆవిడ వైపు జరిపి "ఇప్పుడు మీరు" అన్నాడు. ఆవిడకి ఒళ్ళు మండింది. అయినా రాసింది. ఆయన ఎర్రపెన్ను తీసి, ఒక్కోమాట పక్కన టిక్కు పెట్టి, కింద పదికి పది వేశాడు. ఆవిడకి నవ్వొచ్చింది గానీ, ఆపుకుంది.

అక్కణ్ణుంచి ఇద్దరూ కలిసి అనుమానించడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం అన్నాల వేళ ల్యాబ్‌లో కూర్చుని ఒక్కొక్కరి చేతిరాతా వెతికేవారు. డ్రిల్ మాస్టారిదీ, గుమస్తాదీ, సంగీతం టీచరుదీ. వారంలో ఆవిడకి ఆయన గురించి చాలా తెలిసింది. భార్య పోయి ఆరేళ్ళయిందట. అక్కగారి దగ్గర ఉంటున్నాడట. అన్నం చల్లారాకే తింటాడట. తెలిసిన ప్రతి ముక్కా నిజమేనా అని మనసులో ఓ మూల రాసిపెట్టుకునేది.

ఎనిమిదోరోజున, రానివాళ్ళ క్లాసులు ఎవరికివ్వాలో రాసే రిజిస్టరు తిరగేస్తూ ఆవిడ ఆగిపోయింది. పేజీ పేజీకీ ‘విధ్యార్థులు’. రోజూ సంతకం పెడుతున్న పుస్తకమే. ఎప్పుడూ చదవలేదు, ఎందుకంటే అది రాసేది బాబాయిగారు. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆవిడ రిజిస్టరు ఆయన వైపు తిప్పింది.

"నాకూ పిప్పరమెంటు ఇచ్చాడు. మీ మీద ఓ కన్నేసి ఉంచమన్నాడు" అన్నాడు సైన్సు మాస్టారు నెమ్మదిగా.

ఇద్దరూ వెళ్ళి అడిగితే పెద్దాయన మొదట నవ్వాడు, తరవాత కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఉపప్రధానోపాధ్యాయుడి కుర్చీ ఖాళీ కాబోతోంది. ఆ బడిలో దానికి అర్హులు ఈ ముగ్గురే. "ఇరవయ్యెనిమిదేళ్ళు చాకిరీ చేశానమ్మా. నిన్నగాక మొన్న వచ్చినవాళ్ళ కింద ఎలా కూర్చోను?" అన్నాడు.

"బయటపెట్టద్దు, ఏడాదిలో రిటైరవుతాడు" అన్నాడు సైన్సు మాస్టారు. ఆవిడ వినలేదు. రిజిస్టరూ, కాగితాలూ హెడ్ మేడమ్ బల్ల మీద పెట్టేసింది. ఆ కుర్చీ చివరికి వేరే బడినుంచి వచ్చినావిడకి దక్కింది. కానీ ఆవిణ్ణి బాధపెట్టింది అది కాదు. పదమూడేళ్ళు కాపలా కాసి, కాయాల్సిన తలుపు తెరిచి పెట్టానే అన్నదే బాధ.

పరీక్షలు అయిపోయాక ఒక సాయంత్రం గేటు దగ్గర సైన్సు మాస్టారు అడిగాడు. "మనం పెళ్ళి చేసుకుంటే మీకేమన్నా అభ్యంతరమా?"

"ఇందులో మీకేంటి లాభం?" అంది ఆవిడ వెంటనే.

ఆయన నిజంగానే ఆలోచించాడు. "పోట్లాడేవాళ్ళు లేక ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది" అన్నాడు.

చూసి చెప్తానంది. నిజంగానే చూసింది. ఒక ఆదివారం చెప్పకుండా వాళ్ళింటికి వెళ్ళింది. తలుపు తీసిన అక్కగారు ఆవిణ్ణి ఎగాదిగా చూసి, "భూతద్దం టీచరు మీరేనా? రండి, బీరువాలు అన్నీ తెరిచే పెట్టాను. మూడు వారాల్నుంచీ మీకోసమే చూస్తున్నాం" అంది. లోపల ఆయన ఉల్లిపాయలు తరుగుతూ కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఆవిడ సిగ్గుతో గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆ తరవాత లోపలికెళ్ళి రెండో కత్తి అందుకుంది.

నాలుగు నెలలకి, సాక్షులుగా వదినా అక్కగారూ రాగా, రిజిస్ట్రారాఫీసులో పెళ్ళి చేసుకున్నారు. భార్యాభర్తలు ఒకే బడిలో పనిచెయ్యకూడదన్న రూలుండటంతో ఆయన ఊరి అవతలి బడికి మారాడు. సాయంత్రం ఆయన బస్సు పది నిమిషాలు ఆలస్యమైతే ఆవిడ ఇప్పటికీ ఎందుకైందని అడుగుతుంది. ఆయన విసుక్కోకుండా స్టాపులతో సహా చెప్తాడు.

పెద్దాయన రిటైరైనప్పుడు సభకి రమ్మని ఇద్దరికీ పిలుపొచ్చింది. భర్త వెళ్ళాడు, ఆవిడ వెళ్ళలేదు. పోతూపోతూ పెద్దాయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు, ఓసారి వెళ్ళి పలకరించు అంటాడు భర్త. ఆ నీళ్ళు నిజమో కాదో నువ్వు చూశావా అంటుంది ఆవిడ. ఆ పోట్లాట మాత్రం ఇంకా తెగలేదు.